కొలతకూ తూకానికీ మధ్య: వంటింట్లో గింజల లెక్క

ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. కుక్కర్లో అన్నం వండే తెలుగు ఇళ్లలో ఎక్కువగా నడిచే లెక్క ఇదే. ఇదే లెక్కను తూకంలోకి మార్చి కిలో బియ్యానికి రెండు కిలోల నీళ్లు పోస్తే మాత్రం అన్నం బిరుసుగా, పలుకుగా దిగుతుంది. ఒకటికి రెండు అన్న నిష్పత్తి మారలేదు, బియ్యం మారలేదు, కుక్కరూ మారలేదు. తేడా వచ్చింది చోటు దగ్గర. కిలో నీళ్లు లీటరు గిన్నెలో సరిపోతాయి. కిలో బియ్యం పట్టాలంటే దాదాపు లీటరుంబావు గిన్నె కావాలి. గ్లాసు లెక్క ప్రకారం ఆ బియ్యానికి రెండున్నర లీటర్ల నీళ్లు పడాలి. తూకం లెక్కలో అర లీటరు తగ్గిపోయింది.

ఇలాంటి పొరపాట్లు జరిగేది గ్లాసుకు ఎన్ని గ్రాములో తెలియక కాదు, ఏది పోసినా గ్లాసుకు గ్రాములు ఒకటే అనుకోవడం వల్ల. కప్పు అంటే 200 గ్రాములని ఎక్కడో చదివి, దాన్నే పిండికీ రవ్వకీ అటుకులకీ వాడేస్తారు. నిజానికి కొలత నుంచి తూకానికి వెళ్లాలంటే ప్రతి సరుకుకూ దాని సొంత అంకె ఉండాలి. మంచి విషయం ఏమిటంటే, ఒక ఇంటి వంటకు అలాంటి అంకెలు ఏడెనిమిదికి మించి అక్కర్లేదు. వాటిలో సగం ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి.

గింజ ఎందుకు ఎక్కువ చోటు తీసుకుంటుందో ముందు చూడాలి. బియ్యపు గింజ నీళ్లలో మునుగుతుంది, అంటే విడిగా చూస్తే అది నీళ్లకన్నా బరువైనదే. గింజ సాంద్రత నీటికి సుమారు 1.4 రెట్లు. అయినా లీటరు డబ్బా నిండా బియ్యం పోసి తూస్తే 780 నుంచి 850 గ్రాములే తూగుతాయి. మిగతాదంతా గింజల మధ్య ఉన్న గాలి. డబ్బాలో దాదాపు నలభై శాతానికి పైగా ఖాళీయే. గ్లాసు నిండా బియ్యం పోసి, పొర్లకుండా అంచుదాకా నీళ్లు పోసి చూస్తే ఎంత నీరు లోపలికి పోతుందో తెలుస్తుంది. నిండుగా కనిపించే గ్లాసులో అంత చోటు ఉందంటే మొదటిసారి నమ్మబుద్ధి కాదు.

చాలామంది అనుకునే మరో మాట, చిన్న గింజ అయితే గ్లాసులో ఎక్కువ పడుతుందని. రాగులు శనగలకన్నా ఎంతో చిన్నవి కాబట్టి గ్లాసు రాగులు గ్లాసు శనగలకన్నా బాగా బరువుండాలని తోస్తుంది. అలా జరగదు. గింజలు చిన్నవైతే వాటి మధ్య సందులూ చిన్నవవుతాయి, కానీ సందుల సంఖ్య పెరుగుతుంది. మొత్తం గాలి వాటా దాదాపు అంతే ఉంటుంది. ఆ వాటాను మార్చేది గింజ సైజు కాదు, ఆకారం. సన్నగా పొడవుగా ఉండే బాస్మతి ఒకదానికొకటి అడ్డంపడి కాస్త ఎక్కువ ఖాళీ వదులుతుంది. చిట్టిముత్యాల్లాంటి పొట్టి బియ్యం దగ్గరగా సర్దుకుంటాయి. అదే గ్లాసులో ఈ రెండింటి తూకానికీ ఏడెనిమిది శాతం తేడా రావచ్చు. సైజు లెక్కలోకి వచ్చేది రెండు రకాలు కలిపినప్పుడే. గ్లాసు శనగల్లో గ్లాసు ఆవాలు కలిపితే రెండు గ్లాసులు కావు, తగ్గుతాయి. ఆవాలు శనగల సందుల్లోకి జారిపోతాయి.

అందుకే శుభ్రం చేసిన ఎండు గింజలన్నీ లీటరుకు ఇంచుమించు ఒకే పరిధిలో తూగుతాయి. బియ్యం 780 నుంచి 850 గ్రాములు. జొన్నలు 810 దగ్గర. కందులు, పెసలు, శనగలు 840 నుంచి 880 మధ్య. పప్పుగా పగలగొట్టినవి ఇంకాస్త తగ్గుతాయి. పంచదార గింజ కాకపోయినా అదీ 850 దగ్గరే ఉంటుంది. కాబట్టి బియ్యం, పప్పు, చిరుధాన్యాల వరకు లీటరుకు 800 గ్రాములు, అంటే 250 మిల్లీలీటర్ల గ్లాసుకు 200 గ్రాములు అని గుర్తుపెట్టుకుంటే రోజువారీ వంటలో పెద్దగా పొరపాటు జరగదు. కప్పుకు 200 గ్రాములన్న మాట పుట్టింది ఇక్కడే. గింజల వరకు అది నిజమే.

గింజ దాటగానే ఆ అంకె పనికిరాదు. ఉప్మా రవ్వ లీటరు 700 గ్రాములు. పొడి బియ్యప్పిండి 670 దగ్గర. గోధుమపిండి వదులుగా పోస్తే 500. జల్లించిన శనగపిండి 400 గ్రాములు కూడా ఉండదు. మరమరాలు లీటరు తూస్తే వంద గ్రాములు తూగవు. అటువైపు మెత్తని ఉప్పు 1,200 గ్రాములు. ఒకే డబ్బా, వంద గ్రాముల లోపు నుంచి కిలోంబావు దగ్గరిదాకా.

ఈ చిక్కు వంటింటికి ముందు వ్యాపారానికి వచ్చింది. అమెరికాలో ధాన్యం కొనుగోలుకు బుషెల్ అనే కొలత ఉంది. మొదట అది ఒక గంప పరిమాణం, సుమారు 35 లీటర్లు. గంపను కుదిపితే ఒక లెక్క, కుదపకపోతే మరో లెక్క కావడంతో చివరికి ఒక్కో పంటకు ఒక్కో బరువు ఖాయం చేశారు. గోధుమల బుషెల్ 60 పౌన్లు, మొక్కజొన్న 56, ఓట్స్ 32, వడ్లు 45. పేరు కొలతది, నడిచేది తూకం. పొట్టుతో ఉన్న వడ్లు, ఓట్స్ ఎంత తేలికో ఆ అంకెల్లోనే కనిపిస్తుంది. నిర్ణీత కొలత ధాన్యం ఎంత తూగుతుందన్నది ఇప్పటికీ గోధుమ మార్కెట్లో నాణ్యతకు గుర్తు. గింజ పాలుపోసుకోక ముడుచుకుపోతే అదే గంప తక్కువ తూగుతుంది.

తెలుగు నేల మీద ధాన్యం చాలాకాలం కొలతతోనే నడిచింది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. తూముదాకా ప్రతి మెట్టూ రెట్టింపుల మీద కట్టినది కావడంతో చదువు రానివాళ్లకూ లెక్క నోటికి వచ్చేది. కల్లంలో వడ్లు కొలుస్తూ మొదటిదాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అనేవాళ్లు. తూకానికి వేరే వరుస ఉండేది: తులం, పలం, వీశె, మణుగు. మూడు తులాలు పలం, నలభై పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. వీశె అంటే దాదాపు కిలో 400 గ్రాములు. బెల్లం, చింతపండు, బంగారం లాంటివి తూకానికి వచ్చేవి. పొడిగా జారే గింజ పాత్రలో తనంతట తనే చదునుగా సర్దుకుంటుంది. బెల్లం ముద్ద అలా సర్దుకోదు. ఏది దేనికి తగునో ఆనాటివాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు.

వాళ్ల పద్ధతిలో ఉన్న లోపం మరోచోట ఉంది. సోల, మానిక ఊరికో సైజు. శేరు అన్న పేరు మీదే ఒకచోట 80 తులాలు, అంటే 933 గ్రాములు. మద్రాసు రాష్ట్రంలో 24 తులాలు, అంటే 280 గ్రాములు. పైగా శేరు అంటే తూకమూ ఉంది, కొలతా ఉంది. ఈ గందరగోళాన్ని ఆపడానికే 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు, లీటర్లు అమల్లోకి వచ్చాయి. కొట్టులో బియ్యం కిలోల్లోకి మారిపోయాయి. ఇంట్లో మాత్రం సోల పోయి స్టీలు గ్లాసు వచ్చిందే తప్ప కొలత పోలేదు. అందువల్ల ఇప్పుడు బియ్యం కొనేది తూకంతో, వండేది కొలతతో. నెలకు ఎన్ని కిలోలు కావాలో లెక్క వేయడానికి ఇల్లాలు తల పట్టుకునేది ఈ రెండింటి మధ్యే.

ఆ లెక్కలో మరో తిరకాసు పాత్ర మూతి. అంచుకు సమానంగా చేత్తో రాసి చదును చేస్తే ఏ ఆకారం పాత్రయినా ఒకటే. గోపురంలా నింపితే మాత్రం మూతి వెడల్పే లెక్క తేలుస్తుంది. బియ్యం కుప్ప సుమారు 35 డిగ్రీల వాలుతో నిలుస్తాయి. ఆ లెక్కన పది సెంటీమీటర్ల మూతి ఉన్న లీటరు డబ్బా పైన గోపురం 90 మిల్లీలీటర్లు. పద్నాలుగు సెంటీమీటర్ల మూతి ఉన్న లీటరు గిన్నె మీద అదే గోపురం 250 మిల్లీలీటర్లు. రెండూ లీటరు పాత్రలే, కానీ ఒకదాంతో పావు లీటరు అదనంగా వెళ్లిపోతుంది. కూలి గింజల్లో ఇచ్చే రోజుల్లో ఎవరి కొలపాత్రతో కొలిచారు, నిండుగా పోశారా, అంచుకు రాశారా అన్నది పేదవాడి కడుపుకు సంబంధించిన ప్రశ్న. ఇవాళ వంటింట్లో దాని విలువ అంత కాదు, కానీ ‘రెండు గ్లాసులు’ అని రాసిన వంట ఒకరికి కుదిరి మరొకరికి కుదరకపోవడానికి ఇదీ ఒక కారణం.

పిండి దగ్గర ఈ తేడాలన్నీ పెద్దవవుతాయి. గింజల గ్లాసును కుదిపితే ఏ ఐదు శాతమో దిగుతుంది. పిండి రేణువులు ఒకదానికొకటి అంటుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి కాబట్టి కుదిపినా, నొక్కినా, జల్లించినా బరువు చాలా మారుతుంది. 240 మిల్లీలీటర్ల కప్పులోకి చెంచాతో వదులుగా వేస్తే మైదా 120 గ్రాములు. అదే కప్పును డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. పావు వంతు తేడా. చపాతీ పిండికి ఇది పట్టించుకోనక్కర్లేదు, ఎందుకంటే అక్కడ నీళ్లు చేతికి తెలిసినంతే పోస్తారు. కేకు అలా కాదు. కొలిచిన పాలు, కొలిచిన గుడ్లు పడ్డాక మైదా పావు వంతు ఎక్కువైతే కేకు గట్టిపడి పైన పగులుతుంది. బేకరీల్లో పిండిని తూకం మీదే వేస్తారు. ఇంట్లో కేకు, బ్రెడ్డు చేసేవాళ్లకు పదిరకాల కప్పులకన్నా ఒక చిన్న తూకం యంత్రం మేలు.

అన్నిటికన్నా ప్రమాదం నిష్పత్తులను మార్చేటప్పుడు. మైసూర్‌పాక్‌కు ఒక గిన్నె శనగపిండి, రెండు గిన్నెల పంచదార, రెండు గిన్నెల నెయ్యి అని చెబుతారు. ఒకటి, రెండు, రెండు. 240 మిల్లీలీటర్ల గిన్నె అయితే పిండి సుమారు వంద గ్రాములు, పంచదార 400, నెయ్యి 430కి పైనే. తూకంలో ఇది ఒకటికి నాలుగు, నాలుగు. గిన్నెల్లో చెప్పిన ఒకటి, రెండు, రెండును ఎవరైనా మంచి ఉద్దేశంతోనే వంద గ్రాములు, 200, 200గా రాసిపెడితే, దాన్ని చూసి చేసినవాళ్లకు పాకం చాలక పిండి ముద్ద మిగులుతుంది. తప్పు చేసినవాళ్లది అనిపిస్తుంది, తప్పు రాసిన లెక్కది. ఆవకాయలోనూ ఇదే జరుగుతుంది. కారం, ఆవపిండి, ఉప్పు గిన్నెలతో కొలిచే ఇళ్లలో, సమానంగా మూడు గిన్నెలు పోసినా ఉప్పు తూకంలో మిగతా వాటికి రెట్టింపు దాటి ఉంటుంది. ఆ నిష్పత్తిని కిలోల్లోకి సమానంగా మార్చేస్తే ఉప్పు సగానికి పడిపోతుంది. పచ్చడి నిలవుండేది ఉప్పు మీదే కాబట్టి ఇది రుచితో పోయే పొరపాటు కాదు, ఏడాది పచ్చడి బూజుపట్టవచ్చు. కల్లుప్పు, మెత్తని ఉప్పు గిన్నెకు ఒకే బరువు తూగవన్నదీ గుర్తుండాలి.

ఒక వంటకంలోని సరుకులన్నీ ఒకే రకంగా జారే గింజలైతే నిష్పత్తి దాదాపు మారదు. పొంగలికి బియ్యం, పెసరపప్పు గ్లాసులతో వేసినా గ్రాములతో వేసినా ఒకటే అనుకోవచ్చు. ఇడ్లీకి గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల రవ్వ అనే లెక్కలో రవ్వ కాస్త తేలిక, అందుకని తూకంలో ఒకటికి రెండు వేస్తే రవ్వ కొంచెం ఎక్కువ పడి ఇడ్లీ కొద్దిగా గట్టిగా వస్తుంది. గింజకు నీళ్లు, పిండికి పంచదార, కారానికి ఉప్పు, ఇలా జాతి మారిన చోటే ప్రతి సరుకునూ విడిగా తూచి రాసుకోవాలి.

ఎప్పుడు తూచారన్నదీ అంతే ముఖ్యం. బియ్యం నానితే తూకం పావు వంతు దాకా పెరుగుతుంది. మినపప్పు రెట్టింపుకు దగ్గరగా వెళ్తుంది. అరిసెలకు కొట్టించే తడి పిండి కిలో అంటే అందులో బియ్యం కిలో లేవు, ముప్పావు పైచిలుకే. బెల్లం లెక్క నానబోయక ముందటి బియ్యానికి కట్టాలి. తడి పిండికి కడితే పాకం ఎక్కువై అరిసెలు నూనెలో విచ్చిపోతాయి. అన్నం విషయంలో పాత బియ్యం ఎక్కువ నీళ్లు తాగుతాయి, కొత్తవి తక్కువ. అది గింజ గుణం. గ్లాసు వదిలి తూకం పట్టుకున్నంత మాత్రాన అది తీరదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో మెలిక ఉంది. అమెరికా వంటల్లో కప్పు అంటే 240 మిల్లీలీటర్ల దగ్గర. ఆస్ట్రేలియాలో 250. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు చాలావాటిలో 180 మాత్రమే, జపాన్‌లో బియ్యం కొలిచే గో అనే పాత కొలత అది. దానిలో బియ్యం 140 నుంచి 150 గ్రాములు పడతాయి. కుక్కరు లోపలి గిన్నె మీద 2, 3, 4 అంటూ ఉండే గీతలు ఈ చిన్న కప్పు లెక్కలో గీసినవే. ఆ కప్పు ఎక్కడో పోయి, ఇంట్లో ఉన్న 240 కప్పుతో మూడు కప్పుల బియ్యం పోసి, 3 అని ఉన్న గీతదాకా నీళ్లు పోస్తే అన్నం ఉడకదు. పోసింది మూడు కాదు, కుక్కరు లెక్కలో నాలుగు. చెంచాల్లోనూ ఇంతే: పెద్ద చెంచా చాలా దేశాల్లో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20.

ఈ చిక్కులన్నిటికీ ఇంటర్నెట్‌లో దొరికే పట్టికకన్నా సొంత గ్లాసును తూచుకోవడమే నమ్మకమైన దారి. ఖాళీ గ్లాసును తూకం యంత్రం మీద పెట్టి అంకెను సున్నా చేయాలి. అంచుదాకా నీళ్లు పోసి చూస్తే ఎన్ని గ్రాములు వస్తే గ్లాసు అన్ని మిల్లీలీటర్లది. స్టీలు గ్లాసులు 200 నుంచి 300 దాకా రకరకాలుగా ఉంటాయి కాబట్టి ఇది తప్పనిసరి. తర్వాత గ్లాసు బాగా తుడిచి, ఇంట్లో వాడే బియ్యం పోసి, చదును చేసి, మళ్లీ తూచాలి. ఒకసారి కాక రెండుమూడు సార్లు పోసి సగటు తీసుకుంటే మంచిది. కందిపప్పు, మినపప్పు, ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, శనగపిండి, గోధుమపిండి కూడా అలాగే. ఆ అంకెలు డబ్బాల మీదే రాసుకోవచ్చు. మెంతులు, ఇంగువ, సోడా లాంటివి మాత్రం చెంచాతోనే వేసుకోవాలి. ఇంటి తూకం యంత్రాలు రెండు మూడు గ్రాముల దగ్గర నమ్మదగినవి కావు.

అన్నానికి నీళ్ల లెక్క ఇంత కచ్చితంగా ఉండాల్సిన అవసరం పూర్వం అందరికీ లేదు. ఎసరు ఎక్కువగా పెట్టి, మెతుకు పట్టి చూసి, గంజి వార్చే పద్ధతిలో నీళ్లు ఎన్ని పోసినా ఫర్వాలేదు. అత్తెసరు, అంటే గంజి వార్చకుండా సరిపడా నీళ్లే పోసి వండేవాళ్లకే కొలత కావాలి. కుక్కర్లు వచ్చాక అందరిదీ అత్తెసరే అయింది, అందుకే గ్లాసు లెక్క ఇంత ముఖ్యమైంది. పెళ్లిళ్లలో పెద్ద గుండిగల్లో వండే వంటవాళ్లు ఇప్పటికీ వార్చడమే చూస్తాం. అంత పెద్ద ఎత్తున ఆవిరయ్యే నీళ్ల వాటా మారిపోతుంది కాబట్టి ఇంటి కుక్కర్ నిష్పత్తి అక్కడ నిలవదు.

కొలత, తూకం రోజూ ఎదురుపడే చోటు బడి వంటగది. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. ఆరు నుంచి ఎనిమిది తరగతులవాళ్లకు 150 గ్రాములు, 30 గ్రాములు. నిబంధన తూకంలో ఉంది. బస్తాలోంచి డబ్బాతో తోడి గుండిగలో పోయడం మాత్రం కొలతలో జరుగుతుంది. ఎనభై మంది చిన్నపిల్లలుంటే ఎనిమిది కిలోల బియ్యం, అంటే సుమారు పది లీటర్లు. పప్పు కిలో 600 గ్రాములు, దాదాపు రెండు లీటర్లు. లీటరు డబ్బాతో పదిసార్లు గోపురంలా తోడితే, గోపురం పదిహేను శాతం అనుకున్నా రోజుకు కిలో 200 గ్రాములు ఎక్కువ వెళ్తాయి. 22 రోజుల్లో 26 కిలోలు. అప్పుడు స్టాకు రిజిస్టరుకూ మిగిలిన బియ్యానికీ పొంతన ఉండదు, నిజాయితీగా వండిన మనిషి కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. డబ్బా కాస్త చిన్నదై, అంచుకు తక్కువగా తోడితే రిజిస్టరు బాగానే ఉంటుంది, తగ్గేది పిల్లల కంచంలో. బడిలో ఉన్న తూకం మీద ఒకసారి కిలో బియ్యం తూచి డబ్బాలో పోసి, అది ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత గీస్తే చాలు. బియ్యం రకం మారినప్పుడు, ముఖ్యంగా దొడ్డు బియ్యం పోయి సన్నబియ్యం వచ్చినప్పుడు, ఆ గీతను మళ్లీ తూచి సరిచూసుకోవాలి.